ఎండ తిని బతికే పచ్చదనం

భీమవరం దగ్గర నాలుగెకరాల వరిచేను తవ్వించి చేపల చెరువు చేసిన మొదటి ఏడాది, మాధవరాజుకి ఆ పని గురించి తెలిసింది ఒక్కటే: ఎంత మేత పెడితే చేప అంత పెరుగుతుందని. మేత పనికి రత్నమాణిక్యాన్ని పెట్టుకున్నాడు. పదిహేనేళ్లుగా చెరువుల మీదే బతుకుతున్న మనిషి. చిన్న దోనె మీద వెళ్లి, చిల్లులు పెట్టిన తవుడు సంచులు చెరువులో పాతిన గెడలకి కట్టి వచ్చేది. చేపలు ఆ చిల్లుల దగ్గర చేరి తవుడు లాక్కుని తినేవి.

శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. ఐదోరోజు పొద్దున్న మాధవరాజు గట్టు మీదకి వచ్చేసరికి, రత్నమాణిక్యం సంచులన్నీ విప్పి దోనెలో వేసుకొస్తోంది.

"ఇదేంటి? మేత తీసేస్తున్నావా?"

"తినట్లేదండి రాజుగారూ. నిన్నటి సంచులు సగం కూడా ఖాళీ అవలేదు."

"తినకపోతే ఎలా పెరుగుతాయి? ఇంకో పది కట్టు."

ఆమె చేతిని మోచేతిదాకా నీళ్లలో ముంచింది. "నా వేళ్లు కనపడుతున్నాయేమో చూడండి."

కనపడలేదు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఈ పచ్చంతా ప్రాణమేనండి. దీన్ని పురుగులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. ఇది మాత్రం ఎవర్నీ తినదు, ఎండతోనే బతుకుద్ది. ఎండున్నంతసేపూ నీళ్లకి గాలి ఇస్తుంది. ఎండ లేకపోతే ఆ గాలి తనే పీల్చేసుకుద్ది. దానికితోడు మన తవుడు కుళ్లిందనుకోండి, చేపలకి ఊపిరాడదు."

మాధవరాజుకి కోపం వచ్చింది. డిగ్రీ చదివిన తనకి కూలికొచ్చిన మనిషి పాఠం చెప్పడమేంటి? కానీ ఆమె కళ్లలో తడబాటు లేదు. "ఏం చెయ్యమంటావు?" అన్నాడు చివరికి.

"మేత ఆపండి. ఇంజను పెట్టి కాలవ నీళ్లు పట్టండి."

మర్నాడు తెల్లవారేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. రత్నమాణిక్యం అప్పటికే నడుములోతు నీళ్లలో నిలబడి, ఇంజను గొట్టంలోంచి వచ్చే కాలవ నీళ్లు పడి చిందేలా ఒక చెక్క అడ్డం పట్టుకుని ఉంది. చిందితే గాలి బాగా కలుస్తుందట. మాధవరాజు కూడా పంచె ఎగ్గట్టి దిగి చెక్క రెండో కొస పట్టుకున్నాడు.

పది దాటాక మబ్బు విడిపోయింది. మధ్యాహ్నానికి చేపలు ఒక్కొక్కటే కిందకి దిగిపోయాయి. పోయినవి ముప్పై మించలేదు.

"నీకిదంతా ఎవరు చెప్పారు?" అన్నాడు గట్టు మీద కూలబడి.

"మొగల్తూరులో నేను పనిచేసిన చెరువులో చేపలన్నీ ఇలాంటి ముసురులోనే పోయాయండి. ఫిషరీసు ఆఫీసాయన వచ్చి గాలి సంగతి చెప్పాడు. మిగతాది నీళ్లని చూస్తూ నేర్చుకున్నాను."

మాధవరాజు దోసెడు నీళ్లు తీసుకుని ఎండకి పట్టి చూశాడు. కంటికి ఆనీ ఆనని పచ్చటి నలుసులు, లెక్కలేనన్ని. నోరూ లేదు, కడుపూ లేదు. చెరువు మొత్తానికి అన్నం వండుతున్నది ఇవేనా! దోసిట్లో నీళ్లని మెల్లగా, ఒలికిపోకుండా, మళ్లీ చెరువులోకి వదిలాడు.

"రేపు మేత కట్టాలా?" అని అడిగాడు.

"రేపొద్దున్న చూసి చెప్తానండి," అంది ఆమె, తడిసిన కొంగు పిండుకుంటూ.