హారన్ కొట్టకుండా వెళ్ళిన పడవ

గడియారాలు బాగుచేసే మనిషికి అర్థం కాని యంత్రం ఎదురైతే ముందు కోపం వస్తుంది, తర్వాత సిగ్గు వస్తుంది. తమ్ముడికి నాలుగు రోజులుగా రెండూ వంతులవారీగా వస్తున్నాయి.

అతనూ అన్నయ్యా ఒకప్పుడు ఒకే కొట్లో, ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని గడియారాలు విప్పేవారు. మూడేళ్ళ కిందట కొట్టుకు వచ్చినవాళ్ళ ముందు అన్నయ్య, "నువ్వు బాగుచేసింది మళ్ళీ నా చేతికే వస్తుందిరా" అన్నాడు. తమ్ముడు మాట మధ్యలో లేచి, విప్పిన స్క్రూలు బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు. వేరే వీధిలో కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఉన్నదల్లా ఒక ఆట.

అది అన్నయ్య కూతురి పన్నాగం. రెండిళ్ళకీ ఒకే రకం కంప్యూటర్లు ఒకే రోజు కొనిపించి, "మాట్లాడుకోకపోతే మానండి బాబాయ్, పడవలైనా నడుపుకోండి" అని ఆ ఆట పెట్టింది. నదిలో సరుకు పడవలు. ఒకరు నదికి అడ్డంగా ఉన్న లాకు తలుపు తెరిచి పట్టుకుంటే తప్ప రెండోవాళ్ళ పడవ దాటదు. సాయంత్రం ఆరింటికి ఇద్దరూ వస్తారు. రెండు హారన్లంటే వచ్చానని, ఒకటంటే వెళ్తున్నానని. ఏడాదిగా ఆ అన్నదమ్ములకున్న భాష అంతే. ఒక్క రోజు కూడా ఎవరూ హారన్ కొట్టకుండా వెళ్ళలేదు.

మంగళవారం నుంచి తమ్ముడు హారన్ కొట్టకుండానే వెళ్తున్నాడు. నిజానికి తను వెళ్ళడం లేదు, ఆటే మూతపడుతోంది. ఒంటరిగా గంటసేపు నడిపినా నిక్షేపంగా నడుస్తుంది. అన్నయ్య పడవ మలుపు తిరిగి, దాని దీపం నీళ్ళమీద పడగానే తెర నల్లబడి చచ్చి ఊరుకుంటుంది.

"మీ ఇద్దరి సంగతి దానికి కూడా తెలిసిపోయినట్టుంది," అంది అతని భార్య.

అతనికి నవ్వు రాలేదు. అవతల అన్నయ్య ఏమనుకుంటున్నాడో అతనికి తెలుసు. నా పడవ కనబడగానే లేచి వెళ్ళిపోయాడు, వీడి బుద్ధి మారలేదు, అనుకుంటున్నాడు. ఈ ఆట కూడా పోతే ఇక అన్నయ్య లేనట్టే. 

గడియారాల బ్రష్‌తో కంప్యూటర్ దుమ్ము దులిపాడు. ఆట తీసేసి మళ్ళీ వేశాడు. తీగలన్నీ పీకి పెట్టాడు. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదని కుర్రతనంలో అన్నయ్య మొట్టి మరీ నేర్పాడు, కానీ కంగారులో ఆ పాఠం గుర్తుంటుందా? అన్నయ్య కూతురిని అడుగుదామంటే పరీక్షలని ఫోన్ ఆపేసుకుంది. శుక్రవారానికి అతని బుర్ర పూర్తిగా వేడెక్కిపోయింది.

"సోమవారం ఆ కంప్యూటర్ ఏదో అడిగిందండీ," అంది భార్య, ఆరేసిన బట్టలు మడతపెడుతూ. "గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది, వెయ్యమంటారా అని."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను. అంత మర్యాదగా అడిగితే కాదంటామా?"

ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు. అతను కళ్ళజోడు పెట్టుకుని, సెట్టింగులన్నీ గాలించి, కొత్తది తీయించి పాతది వేయించాడు. ఈసారి ఇంకేదీ ముట్టుకోలేదు. సరిగ్గా ఆరింటికి ఆట తెరిచాడు.

అన్నయ్య పడవ మలుపు తిరిగింది. దీపం నీళ్ళమీద పడింది. తెర నల్లబడలేదు. తమ్ముడు ఊపిరి పీల్చుకుని హారన్ మీద వేలు పెట్టేలోపు, అన్నయ్య పడవ మాయమైంది.

హారన్ లేదు, ఏమీ లేదు. ఎదురుగా ఖాళీ నది.

"చూశావా," అన్నాడు భార్యతో. "ఈసారి ఆయనే లేచి వెళ్ళిపోయాడు. బదులు తీర్చుకుంటున్నాడు."

"మీ తెర నల్లబడినప్పుడు మీరు లేచి వెళ్ళిపోయారా?"

 అతను ఫోన్ తీసి, మూడేళ్ళుగా నొక్కని అన్నయ్య నంబరు నొక్కాడు. ఒక్క రింగుకే అవతల ఎత్తారు.

"ఒరేయ్, నేను వెళ్ళలేదురా," అన్నాడు అన్నయ్య, పలకరింపు కూడా లేకుండా. "నీ పడవ కనబడగానే నా తెర నల్లబడుతోంది. మంగళవారం నుంచీ ఇంతే. నువ్వేమనుకుంటున్నావోనని నాకు అన్నం సయించడం లేదు."

తమ్ముడికి అప్పుడు లెక్క తేలింది. నిన్నటిదాకా మూడు సాయంత్రాలూ ఇద్దరి తెరలూ ఒకేసారి చచ్చిపోయాయి. నాలుగు రోజులూ, ఎదుటివాడి కంట్లో వెళ్ళిపోయిన దొంగ తనేనని ఎవరికి వారే కుమిలిపోయారు.

"అన్నయ్యా, సోమవారం కంప్యూటర్ నిన్నేమైనా అడిగిందా?"

"అడిగింది. సరే అన్నాను. మర్యాదగా అడిగిందిరా మరి."

తమ్ముడు నవ్వాడు, ఏడుపు కలిసిన నవ్వు. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. అన్నయ్య ఒక్కొక్కటే చేశాడు, చేసిన ప్రతిదీ పైకి చదివాడు.

"పాతది వేస్తోందట. ఆగి మళ్ళీ మొదలవుతుందట," అన్నాడు అన్నయ్య చివరికి. "చాలాసేపు పట్టేలా ఉంది. నీకు కొట్లో పనుంటుంది కదా, వెళ్తావా?"

"లేదు," అన్నాడు తమ్ముడు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "ఉంటాను."