అన్నం తినే చెయ్యి

నేను ఒక రైఫిల్ స్టాకుని. తుపాకీ అనగానే మీకు గొట్టమూ గుండూ గుర్తొస్తాయి గానీ, ఆ గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, మనిషి భుజానికీ చెంపకీ ఆనుకుని ఉండే చెక్క ఒకటుంటుందని ఎవరికీ పట్టదు. ఆ చెక్కని నేను. గురి తప్పినప్పుడు మాత్రం అందరూ నా వైపే చూస్తారు.

పుట్టింది కాశ్మీరులో, అక్రోటు చెట్టుగా. జమ్ములో ఒక కార్ఖానాలో నన్ను కోసి, ఆరబెట్టి, చెక్కి, అవిసె నూనె పట్టించారు. కుడిచేతి వాటం వాళ్ళ కోసం గనక చెంప ఆనే దిమ్మని ఎడమ పక్కన మలిచారు. చేతివాటం అంటే మీలో కొందరికి జేబులు కొట్టడం గుర్తొస్తుంది, నేను చెప్పేది ఆ వాటం కాదు.

నన్ను మొదట ఎంచుకున్నది నరసింగరావు అనే పళ్ళ డాక్టరు. పట్టుచీరకి అంచు చూసినట్టు నా ఒంటి మీది చారలు చూసి ఇదే కావాలన్నాడు. నా పొడుగు తన చేతికి సరిపోతుందా, మెడ వంచకుండా కన్ను గురికి అందుతుందా అన్న ఆలోచన ఆయనకి రాలేదు. పోటీల్లో మా పేరు కింది నుంచి వెతుక్కోవలసి వచ్చేది గానీ, ఫోటోల్లో ఇద్దరం బాగా పడేవాళ్ళం. మెడనొప్పి ముదిరాక కాగితాలన్నీ రాయించి నన్ను రైఫిల్‌తో సహా పోలీసులు కాల్పులు సాధన చేసే ఒక రేంజికి ఇచ్చేశాడు.

అక్కడి కోచ్ కోటిలింగం సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. స్టాకు ఎంచడం ఆయనకి పెళ్ళిచూపులంత పని. రేంజిలో పోటీ రైఫిల్ ఒక్కటే, స్టాకులు మాత్రం మూడు: నేను, నాకంటే పొడుగుది ఒకటి, ఎడమచేతి వాళ్ళకని ఎప్పుడో చేయించి మూలన పడేసిన, నల్లరంగు వేసిన బీచ్ చెట్టు చెక్కది ఒకటి. సువార్త అనే కానిస్టేబులు షూటింగ్ నేర్చుకుంటానని వచ్చినప్పుడు ఆయన అందరినీ అడిగే ప్రశ్నే ముందుగా అడిగాడు.

“అన్నం ఏ చేత్తో తింటావమ్మా?”

కుడిచేత్తోనేనని ఆమె చెప్పింది. నల్లచెక్క అక్కడితో తప్పుకుంది. తర్వాత మోచెయ్యి వంచమని, భుజానికి ఆనే నా వెనక పలకని ఆ మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందుతోందో లేదో చూశాడు. నేను సరిపోతానన్నాడు. నాకు గర్వంగా అనిపించిన మాట దాచను. అందం చూసి కాకుండా కొలత చూసి నన్ను ఎంచుకున్న మొదటి మనిషి ఆయన.

సువార్త నన్ను పట్టుకున్న తీరులోనే ఆమెకి ఈ పని ప్రాణమని తెలిసిపోయింది. రాష్ట్ర పోలీసు జట్టుకి సెలెక్షన్లు జరగబోతున్నాయి. అందులో పేరు వస్తే షూటింగే ఆమె డ్యూటీ. రాకపోతే ప్రాక్టీసు కట్టిపెట్టి స్టేషనుకి వెళ్ళిపోవాలని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

బోర్లా పడుకుని కాల్చే పోటీ ఆమెది. మొదటి గుళ్ళు నల్లచుక్క మధ్యలో పడేవి. పోనుపోను చెదిరిపోయేవి. ఎందుకో ఆమె చెంప ఆనిన నాకే తెలుసు. ఎడమకన్ను బిగించి బిగించి ఆ ముఖమంతా వణికేది, తల నా మీదుగా అవతలి పక్కకి జారేది. కోటిలింగం ముందు ఊపిరిని తప్పుపట్టాడు, తర్వాత జాకెట్టుని, ఆఖరికి నన్ను. ఆకురాయి తెచ్చి నా దిమ్మని అరగదీశాడు, చాల్లేదని మళ్ళీ అరగదీశాడు. తప్పెక్కడుందో తెలియనప్పుడు మీరంతా చెక్కనే చెక్కుతారు. ఎడమకంటికి అట్టముక్క అడ్డం పెట్టించినా లాభం లేకపోయింది. కుడికన్ను తొందరగా అలిసిపోతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే పంపించేస్తారని భయం. నా మీద ఆమె కన్నీళ్ళు పడ్డ రోజులున్నాయి. నేను ఏం చెయ్యగలను, చెక్కని.

సెలెక్షన్లకి నెల కూడా లేదనగా సువార్త తల్లి ఏలీషమ్మ కూతురు చేసే పని చూద్దామని రేంజికి వచ్చింది. కూతురు పడుకుని తల పక్కకి వాలుస్తుంటే చూసి, కోచ్‌తో మాటల్లో మాటగా అంది.

“దానికి పుట్టుకతో పుర్రచెయ్యండీ. కంచంలో ఎడంచెయ్యే పెట్టేది. వేళ్ళకి వేపాకు ముద్ద రాసి రాసి మాన్పించా.”

ఆ మాట ఆమె గొప్పగానే చెప్పింది. బిడ్డని సరిగ్గా పెంచానని చెప్పుకోవడం అది. కోటిలింగం ముఖం మాత్రం పాలిపోయింది. తెలుగునాట అన్నం ఏ చేత్తో తింటావని అడిగితే కుడిచెయ్యి తప్ప ఇంకో జవాబు వస్తుందా? ఇన్నాళ్ళూ ఒకే జవాబు వచ్చే ప్రశ్న అడుగుతూ, దాన్ని పరీక్ష అనుకున్నాడు పాపం. వెంటనే సువార్తని నిలబెట్టి, అరచేతులు రెండూ చాచి మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా బోర్డు మీదున్న అంకెని రెండు కళ్ళూ తెరిచి చూడమన్నాడు. ఎడమకన్ను మూయగానే అంకె మాయమైంది. ఆమె చూపంతా ఎడమకంటిదే, ఇన్నాళ్ళూ గురి చూసింది మాత్రం కుడికంటితో.

అయినా ఆయనకి ధైర్యం చాల్లేదు. ఈసారికి అలవాటైన స్టాకుతోనే కానిమ్మన్నాడు, ఇంత తక్కువ వ్యవధిలో పక్క మార్చుకుంటే ఉన్నదీ పోతుందన్నాడు. నేనూ అదే కోరుకున్నాను. సువార్త మాత్రం మూలనున్న నల్లచెక్కని తీసి, దుమ్ము దులిపి, ఎడమభుజానికి ఆనించుకుంది.

“కుడిచెయ్యి నేను నేర్చుకున్నది సార్. ఇది నాది.”

మరలు విప్పి గొట్టాన్ని నాలోంచి ఎత్తేశారు. ఇన్నేళ్ళూ అది నాదేననుకున్నాను. నడుమంతా ఖాళీ అయిపోయి తలుపు పక్క అరలో ఉండిపోయాను. ఆ నల్లచెక్క మీద ఎంత అసూయ పడ్డానో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మొదటి రోజుల్లో గుళ్ళు గోడకి తగిలాయని విని సంతోషించాను కూడా.

సెలెక్షన్లు మా రేంజిలోనే జరిగాయి. ఆ గొట్టం చప్పుడు నాకు గుర్తే. ఇదివరకైతే సగం పోటీ దాటేసరికి ఆమె తడబడేది, గుండుకీ గుండుకీ మధ్య ఆలస్యం పెరిగేది. ఆ రోజు చివరిదాకా ఒకే తీరున మోగింది. జాబితాలో ఆఖరి పేరు ఆమెది. ఆఖరిదైనా పేరు పేరే. సువార్త గెలవాలని ఎప్పుడూ కోరుకున్నాను, నాతో గెలవాలనీ కోరుకున్నాను. ఆ రెండూ ఒకటి కావని ఆ పూట అర్థమైంది. కష్టంగానే ఉంది, సంతోషంగానూ ఉంది.

రైఫిల్ అప్పగించడానికి సువార్త నా అర దగ్గరికి వచ్చింది. వెనకాలే ఏలీషమ్మ మైసూర్‌పాకు పొట్లంతో వచ్చి, ఒక ముక్క తీసి ఇవ్వబోయింది. కుడిచేతిలో రైఫిలుంది గనక సువార్త మామూలుగా ఎడమచెయ్యి చాచి, వెంటనే గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది.

ఏలీషమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపు దాని వేళ్ళు తడుముతూ నిలబడింది. తర్వాత మిఠాయి ఆ చేతిలోనే పెట్టి, తినమంది.