నీలికుండ పండిన మధ్యాహ్నం

నీలికుండకి, అదే బట్టలకి నీలిరంగు వేసే కుండకి, మన తీరికతో పని లేదు. దానికి ఎప్పుడు పండాలనిపిస్తే అప్పుడే పండుతుంది. ఆ రోజు పొద్దున్నే మూత తీసి చూద్దును కదా, పైన రాగిరంగు నురగ తేలుతోంది, వాసన ముక్కు అదరగొడుతోంది. వేలు ముంచి నాలుకకి తాకించాను. చురుక్కుమంది. అంటే ఇవాళే బట్ట ముంచాలి. రేపటికి కుండ నీరసపడుతుంది, ఎల్లుండికి చచ్చిపోతుంది. సరిగ్గా ఇవాళే మా ఇంట్లో అందరికీ నాతోనే పని.

నా పేరు అసాబి. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు మా అబెయొకుటా ఊళ్ళో ఎవరూ లేరు. తైవో, కెహిందే పుట్టినప్పటినుంచి ఊరందరికీ నేను కవలల తల్లిని. పెళ్ళికి ముందు ఇతోకు బజారు వెనక మా అమ్మతో పాటు రోజూ చేతులు మోచేతులదాకా రంగులో ముంచేదాన్ని. కవలలు పుట్టాక కుండ బోర్లించాను. నాలుగేళ్ళు అలాగే పెరట్లో పడి ఉంది, కోళ్ళు దానిమీద ఎక్కి కూర్చునేవి. మొన్న వానలు తగ్గాక ఏం బుద్ధి పుట్టిందో, దాన్ని తిరగేసి కడిగి, నీలి ఆకు ఊరవేశాను. తెల్లబట్ట మీద కోడి ఈకతో, కర్రపెండలం గంజితో బొమ్మలు వేశాను. గంజి ఉన్నచోట రంగు ఎక్కదు, బొమ్మ తెల్లగా మిగులుతుంది. ఒక్కసారి కూర్చుని వేసినవి కావవి. కూర ఉడికేలోగా ఒక చేప, పిల్లలు కునుకు తీస్తే ఒక పక్షి, మొగుడు స్నానానికి వెళ్తే రెండు ఆకులు.

ఆ బట్ట అమ్మడానికి కాదు, ఎవరికీ పెట్టడానికీ కాదు, అచ్చంగా నా కోసం. నిజం చెప్పొద్దూ, లోపల భయంగానే ఉండేది. చెయ్యి మర్చిపోయి ఉంటే? ముంచాలి, తీసి గాలికి ఆరనివ్వాలి, మళ్ళీ ముంచాలి. మధ్యలో వదిలేసి ఎవరో పిలిచారని పరిగెత్తితే మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. మచ్చలొస్తే ఇక కుండని మళ్ళీ బోర్లించేసి, నేను రంగు వేసే మనిషినన్న సంగతే మర్చిపోతానని ఒట్టు పెట్టుకున్నాను. ఒక్క మధ్యాహ్నం నాది కావాలి. అంతే నేను అడిగింది.

మా వైపు కోడలి బతుకు తెలిసిందే. మనం గడప తొక్కేనాటికి ఆ ఇంట్లో పుట్టి ఉన్నవాళ్ళంతా మనకి మొగుళ్ళే. ఆడబిడ్డయినా సరే, మొగుడే. పేరు పెట్టి పిలవకూడదు, మనమే ఒక ముద్దుపేరు పెట్టుకోవాలి. మా ఆడబిడ్డ బిసోయెకి నేను ‘తెల్లపళ్ళ దొరగారు’ అని పెట్టుకున్నాను. ఆవిడ నన్ను ‘పెళ్ళామా’ అంటుంది. కట్టుకున్నవాడు ఒక్కడే, ఆజ్ఞలు వేసేవాళ్ళు మాత్రం ఇంటినిండా.

రేపు శనివారం ఆ దొరగారికి యాభయ్యో పుట్టినరోజు. వీధికి వీధే భోజనానికి వస్తోంది. వాళ్ళింటినుంచి పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. వడలకి అలసందలు నానబోశానని, పొట్టు తీయడానికి రమ్మని ఆవిడ. ఇవాళ కుదరదు, కుండ పండింది అన్నాను. బట్టలు ముంచడమేగా, సాయంత్రం ముంచుకోమంది. ఒళ్ళు మండింది గానీ ఏం మాట్లాడతాను? లేగోస్‌కి వ్యాను తోలే నా అసలు మొగుడు అకాన్ని సగం దారిలోంచి ఫోన్ చేసి, లైసెన్సు ఇంట్లో మర్చిపోయాడేమో చూడమన్నాడు. ఇల్లంతా గాలించాక మళ్ళీ ఫోన్, జేబులోనే ఉందట.

ఎలాగో మొదటిసారి బట్ట ముంచి తీసి తాడు మీద వేశాను. ఇంతలో కెహిందే మోకాలు గీరుకుని ఏడుపు, తైవో కుండలో చెప్పు ముంచుతానని పేచీ. ఒక చేత్తో బట్ట, ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని ఉండగా మా అత్తగారు కుర్చీ ఈడ్చుకుంటూ పెరట్లోకి వచ్చింది. అయిపోయింది ఇవాల్టి ముచ్చట అనుకున్నాను. మోకాళ్ళకి నూనె రాయమంటుంది, లేకపోతే మిరపకాయలు నూరమంటుంది.

ఆవిడ కుండలోకి తొంగి చూసింది. నా చేతులకేసి చూసింది.

“నల్లగా పండాలి,” అంది.

మా వైపు పనిలో ఉన్న మనిషిని ఊరికే పలకరించరు. జడలు వేసేవాళ్ళకి ఒక మాట, మగ్గం మీద ఉన్నవాళ్ళకి ఒక మాట, రంగు వేసేవాళ్ళకి ఈ మాట, నీలం నలుపు తిరిగేంత చిక్కగా పండాలని దీవెన. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో ఎవరూ నాకు ఆ మాట అనలేదు.  తైవో చొక్కా వదిలేసి ఆవిడకేసి చూశాను.

 ఆవిడ వెళ్ళి, పెరట్లోకి వచ్చే సందుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కవలల్ని పిలిచి, వేయించిన వేరుశనగలు చెరో గుప్పెడు పోసి తాబేలు కథ మొదలుపెట్టింది. నేను రెండోసారి ముంచాను. తీశాను. ఆరబెట్టాను. ఎవరూ పిలవలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మూడోసారి ముంచుతుండగా తెల్లపళ్ళ దొరగారు అలసందల బేసినుతో సహా దిగబడింది. మాటలన్నీ నాకు పెరట్లోకి వినిపిస్తున్నాయి.

“నా పెళ్ళాం ఏదమ్మా?”

“లేదు. బజారుకెళ్ళింది.”

నా చేతికింద నీళ్ళు బుడుంగుమన్నాయి.

“మరి ఆ చప్పుడేంటి?”

“మేక నీళ్ళు తాగుతోంది.”

“మనకి మేకెక్కడిది?”

“పక్కింటివాళ్ళది.”

“మేక కాదు, అమ్మ,” అన్నాడు తైవో, నోటినిండా వేరుశనగలతో.

అబద్ధమాడితే నాలుక మీద మిరపకాయ పెడతానని పిల్లల్ని బెదిరించే మనిషి మా అత్తగారు. నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కుని కుండమీదికి ఒంగాను.

“అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోతున్నావు. జరుగమ్మా, దాన్ని తీసుకుపోతాను,” అంది బిసోయె.

“జరగను. దానికి నువ్వు మొగుడివైతే అవ్వు, నాకు మాత్రం కూతురివే. ఆ పీట లాక్కుని కూర్చుని పొట్టు నువ్వే తియ్యి.”

“పుట్టినరోజు నాదమ్మా!”

“చేతులూ నీవేగా.”

 తర్వాత పీట ఈడ్చిన చప్పుడు, గొణుగుడు, బేసిన్లో నీళ్ళ చప్పుడు. నా పెళ్ళయ్యాక మా ఆడబిడ్డ ఈ ఇంట్లో అలసందలు ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఎండ గోడ దిగేవేళకి ఆఖరిసారి ముంచి తీశాను. కుండలోంచి వస్తూనే బట్ట ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ, చూస్తుండగానే నీలం ఎక్కుతుంది. చివరంచుదాకా పరిచి చూశాను. ఒక్క మచ్చ లేదు. చేపలూ పక్షులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నా చెయ్యి ఏమీ మర్చిపోలేదు. సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేశాను. కళ్ళు తుడుచుకోబోతే ముఖం నిండా నీలం అయింది.

వెనక అత్తగారు నిలబడి ఉంది.

“నేనూ ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్నే,” అంది. “పుట్టింట్లో చాపలు అల్లేదాన్ని. అకాన్ని పుట్టాక మానేశా. మళ్ళీ అల్లుకోమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.”

ఏడుస్తూ ఏం చెప్పలేదు. ఎండ కాస్తోందన్నంత మామూలుగా చెప్పింది. చెప్పి, తలకి కట్టుకున్న తెల్లగుడ్డ విప్పింది. ఆవిడ తల నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

“దీన్ని కూడా ముంచిపెట్టు.”

“నేను ముంచనమ్మా. మీరే ముంచండి.”

“మచ్చలొస్తే?”

“రానివ్వండి. మీ తలకేగా కట్టుకునేది.”

నన్నొక చూపు చూసింది. ఆ మాట ఇంకోరోజు అని ఉంటే వారం రోజులు దెప్పేది. ఇవాళ జాకెట్టు చేతులు పైకి మడిచింది. గుడ్డ తడిపి ఇచ్చాను. మెల్లగా, వేడినీళ్ళేమో అన్నట్టు వేళ్ళు పెట్టి, తర్వాత చేతులు మోచేతులదాకా దింపింది.

“ఎంతసేపుంచాలి?”

“నేను చెప్పేదాకా.”

“సరే.”

ఈ ఇంట్లో నేను ఎప్పుడు లేవాలో, ఎప్పుడు వండాలో, పిల్లలకి ఎప్పుడు పాలు మాన్పించాలో చెప్పిన మనిషి, నేను చెప్పే మాట కోసం ఒంగి నిలబడింది. నాకు కాస్త గర్వంగా, ఇంకాస్త జాలిగా, అంతకంటే ఎక్కువ ఇష్టంగా అనిపించింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే ఉంచాను.

“పెళ్ళామా,” సందులోంచి బిసోయె కేక వేసింది, “ఇక్కడ ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?”

అలవాటుకొద్దీ వస్తున్నానని నోరు తెరిచాను. నాకంటే ముందు అత్తగారే పలికింది.

“ఆగు బిసోయె. మేం పనిలో ఉన్నాం.”

కుండలోంచి చేతులు మాత్రం తియ్యలేదు.