రెండు కుడి చేతులు

కుట్టుపని సహకార సంఘానికి సెక్రటరీగా ఎన్నికైన రోజు నుంచీ ఆమెకి సొంత పేరు పోయింది. వీధి వీధంతా సెక్రటరీ అనే పిలుస్తున్నారు. ఆఖరికి అత్తగారు కూడా "ఏమ్మా సెక్రటరీ, కూరలో ఉప్పు చూశావా?" అని అడుగుతోంది. అందులో మెచ్చుకోలు పాలెంతో, ఎత్తిపొడుపు పాలెంతో ఆమె ఇంకా తేల్చుకోలేకపోతోంది.

సంఘం ఆఫీసంటే ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసిన గది. ఎన్నిసార్లు సున్నం వేసినా గోడల మీది గ్రీజు మరకలు మళ్ళీ పైకి తేలతాయి. గుడ్డకి మరక అంటకుండా బల్లలన్నీ గది మధ్యకి జరిపారు. దాంతో లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నడవాలి. పీల్చుకోలేనివాళ్ళకి గుమ్మం దగ్గర కుర్చీ వేశారు. ఆ కుర్చీ అత్తగారిది.

అంతకుముందు ఈ వీధి ఆడవాళ్ళంతా మూటలాయన దగ్గర కుట్టేవాళ్ళు. ఆయన కత్తిరించిన గుడ్డ మూటలు కట్టి ఇంటింటికీ పడేసి వెళ్ళేవాడు. కుట్టిన బట్టలు తీసుకెళ్ళేటప్పుడు ఇక్కడ నూనె చుక్క, అక్కడ వంకర కుట్టు అంటూ కూలి కోసేవాడు. ఒక్కో ఇంటికి ఒక్కో రేటు. ఎవరికెంతో ఇంకొకరికి తెలియనివ్వడు. "మీకు మాత్రమే ఇంత ఇస్తున్నానమ్మా, బయట చెప్పకండి" అని ప్రతి గుమ్మంలోనూ చెవిలో ఊదేవాడు. చివరికి ఒకరోజు కుళాయి దగ్గర మాటా మాటా వచ్చి అందరూ తమ తమ రేట్లు బయటపెట్టుకున్నారు. ఆ పోట్లాటలోంచే సంఘం పుట్టింది.

ఏడాది తిరిగేసరికి తానులు అందరికీ కలిపి టోకున కొంటున్నారు. దారం కోసం బస్సెక్కే పని లేకుండా వీధి మొదట్లోనే దారాల కొట్టొకటి వెలిసింది. వానొస్తే ఇల్లు కారి, మిషను మీద గొడుగు పట్టుకు కూర్చునే కాలర్లు కుట్టే వదిన ఇంటికి కొత్త రేకులు వేయించుకుంది. ఇప్పుడు బడిపిల్లల చొక్కాల ఆర్డరు వచ్చింది. సంఘానికి దక్కిన మొదటి పెద్ద ఆర్డరు. సోమవారం బడి తెరిచే వేళకి అందకపోతే అది మూటలాయనకి వెళ్ళిపోతుంది. ఆయన మళ్ళీ ఆ మూటలే తెచ్చి ఈ గుమ్మాల్లోనే పడేస్తాడు, తన రేటుకి. ఆ మాట తలుచుకుంటేనే సెక్రటరీకి నిద్ర పట్టడం లేదు.

పని పంచుకోవడంలో సంఘానికి ఒక పద్ధతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క. జేబుల ఇంట్లో జేబులే, కాలర్ల ఇంట్లో కాలర్లే. చేతికి ఒకే పని అలవాటైతే వేగం వస్తుంది, తప్పు పోతుంది. చొక్కాకి చేతులు రెండు కాబట్టి రెండిళ్ళు కావాలి. చొక్కా చేతులు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఇద్దరే ఇద్దరు దిట్టలు. ఇద్దరూ తోడికోడళ్ళు. ఇద్దరి ఇళ్ళకీ ఒకటే గోడ. పెద్దావిడ ఇటు తిరిగితే చిన్నావిడ అటు తిరుగుతుంది.

"కుడిచెయ్యి నాకు," అంది పెద్దావిడ మీటింగులో.

"అదేం? పెద్దకోడలైతే కుడిచెయ్యి రాసిచ్చారా?" అంది చిన్నావిడ, పెద్దావిడ వైపు కాకుండా ఇస్త్రీ పెట్టె వైపు చూస్తూ. "ఎడమచేతి పని నాకు అంటగట్టి రేపు వీధంతా చెప్పుకుందామనే కదా!"

"ఎడమచెయ్యి మాత్రం చెయ్యి కాదా?" అన్నారెవరో.

"అయితే ఆవిడకే ఇవ్వండి!" ఈ మాట ఇద్దరూ ఒక్కసారే అన్నారు. పెళ్ళయ్యాక ఇద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదటిసారని సెక్రటరీ అత్తగారు తర్వాత చెప్పింది.

ఓటింగు పెట్టారు. చెరిసగం వచ్చింది. మళ్ళీ పెట్టారు. ఈసారి ఇద్దరికీ కోపం తెప్పించడం ఇష్టం లేక ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పుడు సెక్రటరీ "రేపు నేను చూసుకుంటానులెండి" అని మీటింగు ముగించింది. ఆమె డిగ్రీ చదివింది. మనుషుల్ని సర్దడం తనకి చేతనవునని గట్టి నమ్మకం.

మర్నాడు గుడ్డ కత్తిరించే కొలత అట్టలు పట్టుకుని బయల్దేరింది. చేతికి అట్ట ఒకటే. ఇలా పెట్టి కత్తిరిస్తే కుడి, తిరగేసి పెట్టి కత్తిరిస్తే ఎడమ. ముందువైపు చంక వంపు కాస్త లోతు, వెనకవైపు తక్కువ, అంతే తేడా. అట్టకి ఒక పక్కనే సుద్దగీత గీసి, గీత పైకి ఉండేలా పెట్టి కత్తిరించమనడం మామూలు. పెద్దావిడకి కుడికి గీసినది ఇచ్చింది.

"అక్కా, కుడి మీకే ఇచ్చాను. ఇంకెవరితోనూ అనకండి."

పక్కింటికి వెళ్ళి ఎడమకి గీసినది చిన్నావిడ చేతిలో పెట్టింది.

"అక్కా, కుడి మీకే ఇచ్చాను. ఇంకెవరితోనూ అనకండి."

మాట అంటుండగానే ఇది ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. గుర్తు చేసుకునే తీరికా లేదు. ఇద్దరూ కుడే అనుకుంటారు, ఒకరిది నిజంగా ఎడమ అవుతుంది, చొక్కాకి చొక్కా, శాంతికి శాంతి. ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది.

ఇందులో ఆమె లెక్కలోకి తీసుకోనిదల్లా చిన్నావిడ నైపుణ్యం. అట్ట తీసుకున్న చిన్నావిడ మొగుడి పాత చొక్కా కుడిచేతి మీద దాన్ని పరిచి చూసింది. వంపు అటుది ఇటు పడింది. "పాపం సెక్రటరీ, తొందరలో గీత తప్పుపక్కన గీసింది" అని జాలిపడి అట్ట తిరగేసింది. నలుగురిలో చెబితే పిల్ల చిన్నబోతుందని గుట్టుగా ఊరుకుంది. చక్కగా, పొందికగా, ఒక్క కుట్టు తప్పకుండా, చేతులన్నీ కుడివే కత్తిరించింది. అంచులు మడిచి కుట్టి, దొంతర్లు కట్టి అందరికంటే ముందే ఆఫీసుకి చేర్చింది.

శుక్రవారం అందరూ చొక్కాలు కూర్చడానికి కూచున్నారు. చేతులు భుజాలకి అతికించే పని కాలర్ల వదినది. మొదటి చొక్కాకి కుడి అతికించింది, నున్నగా కూచుంది. రెండో చెయ్యి ఎడమ భుజానికి అతికించింది. ఎత్తి చూసింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది.

"ఏమిటే ఇది, ఈ చొక్కా వెనక్కి చూస్తోంది?"

దాన్ని అత్తగారి కుర్చీ వీపుకి తొడిగారు. నిజమే. ఒక చెయ్యి బుద్ధిగా ముందుకి వేలాడుతుంటే, రెండోది వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగినట్టు మెలికపడి, చంకలో ముడతలు తేలాయి. ఇంకో చొక్కా. అదీ అంతే. దొంతర్లన్నీ విప్పి బల్ల మీద పరిచారు. ఎన్ని పరిచినా అన్నీ కుడిచేతులే.

సెక్రటరీ ఒక్కొక్కటే ఎత్తి మళ్ళీ చూసింది.

"ఎవరు తప్పుచేశారో వాళ్ళే చెప్పాలి," అంది పెద్దావిడ. "నేనైతే కుడే కుట్టాను. నాకు కుడే ఇచ్చింది."

"నాకూ కుడే ఇచ్చింది," అంది చిన్నావిడ.

"నీకెందుకిస్తుంది? నాకిచ్చానని నా గుమ్మంలో నిలబడి చెప్పింది."

"నా గుమ్మంలోనూ నిలబడింది! ఎవరితోనూ అనొద్దంది కూడాను."

"నాతోనూ అనొద్దనే అంది!"

తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్ళకో చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ మెల్లగా సెక్రటరీ వైపు తిరిగారు. గదంతా వాళ్ళతోపాటే తిరిగింది.

"అంటే... అదీ... అట్ట చూస్తే..." అని సెక్రటరీ నీళ్ళు నమిలింది.

"నా కోడలికి అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు," అంది అత్తగారు గుమ్మంలోంచి. "పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మూటలాయన ప్రత్యక్షమయ్యాడు. చెడ్డ కబురు ఈ వీధిలో ఆయనకంటే ముందు ఎవరికీ తెలియదు. బల్లల పక్కగా రావడానికి పొట్ట పీల్చుకోబోయి, కుదరక, గుమ్మం లోపల అత్తగారి కుర్చీ పక్కనే నిలబడిపోయాడు.

"అయ్యయ్యో, విన్నానమ్మా. ఏం పర్లేదు. ఆ గుడ్డంతా అయినకాడికి నేను తీసుకుంటాను. ఆర్డరు సంగతి బడివాళ్ళతో నేను మాట్లాడతాను. మీకు మళ్ళీ మూటలు పంపిస్తాను. సంఘాలూ గింఘాలూ మనకెందుకు చెప్పండి? ఒకరికి ఒకరు పడని మనుషులు. మీ ఇద్దరి చేతులూ ఎంత పనితనమున్నవో నాకు తెలియదా? మీకు మాత్రం రేటు వేరేగా చూస్తాను," అన్నాడు తోడికోడళ్ళతో. గొంతు తగ్గించి, "బయట చెప్పకండి," అని కలిపాడు.

సెక్రటరీకి ఆ మాట ఎక్కడ విన్నదో అప్పుడు తెలిసింది.

"ఒకరికి ఒకరు పడరని నీకెవరు చెప్పారు?" అంది పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టి.

"మా ఇంటి గొడవ మా ఇంట్లోది. మధ్యలో నీ మూటేమిటి?" అంది చిన్నావిడ.

"నూనె చుక్కని నా కూలి కోశావే, ఆ చుక్క చూపించమంటే ఇప్పటిదాకా చూపించావా?"

"నా కూలీ అదే చుక్క పేరు చెప్పి కోశాడక్కా!"

అక్కా అనేసిందని ఆవిడకే తెలియలేదు. మూటలాయన చల్లగా జారుకోబోయాడు గానీ, అప్పటికే అత్తగారు తన కుర్చీ గుమ్మానికి అడ్డంగా జరుపుకుని కూచుంది. ఆవిడ లేచేదాకా ఆయన అన్నీ వినాల్సొచ్చింది. ఆవిడ లేవడానికి తొందరేం పడలేదు.

ఆయన వెళ్ళిపోయాడు. చేతులు మాత్రం ఇంకా కుడివే.

"అయినా నాది తప్పు కాదు," అంది పెద్దావిడ మళ్ళీ మొదటికొచ్చి. "తప్పు అట్ట తిరగేసినవాళ్ళది."

"తప్పంటే నేనొప్పుకోను! ఆ మాటకొస్తే నువ్వు కుట్టిందే ఎడమ," అని చిన్నావిడ దొంతర్లోంచి పెద్దావిడ కుట్టిన ఒకదాన్ని లాగి, లోపలివైపు పైకి తిప్పి, చొక్కా ఎడమ భుజానికి ఆనించింది. "ఇదిగో, చూడండి! వంపు కరెక్టుగా ముందుకే పడింది. ఇది ఎడమ కాక ఏమిటి?"

"తిరగేసి పెట్టి ఎడమంటావేమిటి? అలాగైతే నీదీ ఎడమే!" అని పెద్దావిడ చిన్నావిడ కుట్టిన దాన్ని తిరగేసి ఆనించింది. అదీ నున్నగా కూచుంది.

నీది ఎడమంటే నీది ఎడమని ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాలర్ల వదిన మాత్రం గుడ్డని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. రంగూ నేతా రెండువైపులా ఒక్కలాగే ఉన్నాయి. అంచు మడత మాత్రం పైకి కనిపిస్తోంది.

"ఆపండి తల్లుల్లారా," అంది. "మడత విప్పి, తిరగేసి మళ్ళీ కుట్టుకుంటే అయిపోయె!"

అందరికీ ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్ళీ చిక్కు. ఎవరివి తిప్పాలి? ఎవరివి తిప్పితే వాళ్ళు ఎడమ కుట్టినట్టే. తోడికోడళ్ళిద్దరూ తమ తమ దొంతర్ల మీద చేతులు వేసుకుని బిగుసుకు కూచున్నారు. సెక్రటరీ నోరు తెరవబోయింది.

"నువ్వుండు," అన్నారందరూ.

గది తనే మాట్లాడుకుంది. కాసేపు కేకలు, కాసేపు నవ్వులు. ఎక్కడా గుట్టు లేదు, అంతా బల్ల మీదే. ఆవిడవి సగం, ఈవిడవి సగం తిప్పాలన్నారు. అప్పుడు ఎడమ ఇద్దరిదీ, కుడి ఇద్దరిదీ. తోడికోడళ్ళు ఒప్పుకోవడానికి కాస్త మూతులు ముడిచారు గానీ, మూటలాయన్ని అన్ని మాటలన్నాక వెనక్కి తగ్గడానికి మొహం చెల్లలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం పొద్దుగుంకేదాకా వీధిలో పొయ్యిలు అంతంత మాత్రంగానే వెలిగాయి. మొగుళ్ళు పిల్లలకి తలలు దువ్వారు. ఆ దువ్వుడు చూసి బయటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. లోపల అందరూ దారాలు విప్పుతూ కూచున్నారు. తోడికోడళ్ళు ఎదురెదురుగా ఒకే బల్ల దగ్గర కూచుని, మాట కలపకుండానే పని కానిచ్చారు.

"సెక్రటరీ, ఆ కత్తెర ఇటిమ్మని చెప్పు."

"సెక్రటరీ, కత్తెర ఆవిడ మోచేతి కిందే ఉందని చెప్పు."

సెక్రటరీ చెప్పింది. ఆ రెండు రోజులూ ఆమె ఉద్యోగం అదే. మిగతా టైములో విప్పిన దారం ముక్కలు ఊడ్చింది.

సోమవారం పొద్దున్న బడి పెద్ద టీచరు ఒక చొక్కా ఎత్తి చేతులు లాగి చూసింది, చంక చూసింది, లోపలి కుట్టు చూసింది.

"బాగున్నాయి," అంది ఆవిడ. "చలికాలానికి పొడుగుచేతులవి కూడా మీరే కుట్టిపెట్టండి."

సాయంత్రం మీటింగులో సెక్రటరీ ఈ కబురు చెప్పింది. అంతా అయ్యాక పని పంచే విషయం ఎత్తబోయింది. కాలర్ల వదిన లేచి నిలబడింది.

"దానికి ముందు నాదొక తీర్మానం. ఇక మీద పని పంచడం సెక్రటరీ ఇంటింటికీ తిరిగి చెయ్యకూడదు. అందరూ ఉన్నప్పుడు, ఈ గదిలోనే, అందరూ వినేలా పంచాలి. ఎవరికీ చెవిలో చెప్పకూడదు."

"దాన్ని నేను బలపరుస్తున్నా," అంది అత్తగారు, ఈ మాట ఎప్పుడు నేర్చుకుందో ఏమో.

చేతులు లేచాయి. ఏడాది కిందట ఈ గదిలో చెయ్యెత్తడానికి పక్కవాళ్ళ వంక చూసినవాళ్ళే, "భయం దేనికి, మీ ఓటూ నా ఓటూ ఒకటే" అని సెక్రటరీ బతిమాలి నేర్పినవాళ్ళే, ఇప్పుడు ఆమె వంకైనా చూడకుండా టపటపా ఎత్తేశారు. తోడికోడళ్ళిద్దరివీ అందరికంటే ముందే లేచాయి.

"ఇంకొక్కరు మిగిలారు," అంది కాలర్ల వదిన.

ఎవరా అని సెక్రటరీ గది నలుమూలలా చూసింది. అందరూ తన వైపే చూస్తున్నారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. అయినా ఆమె కూడా చెయ్యెత్తింది.

"అందరూ ఒప్పుకున్నట్టే," అనేసి కాలర్ల వదిన, సెక్రటరీ ప్రకటించేదాకా ఆగకుండా తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోయింది. "ఇప్పుడు పొడుగుచేతులు. మణికట్టు పట్టీలు ఎవరికి?"

"నాకు," అంది పెద్దావిడ.

"ఆవిడకెందుకు?" అంది చిన్నావిడ, ఈసారి నేరుగా ఆవిడ మొహంలోకే చూస్తూ.

సెక్రటరీ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, వాళ్ళు తేల్చుకునేదాకా వింటూ కూచుంది.