మచ్చ పడ్డ మొక్క

మొక్కల నర్సరీ నడిపే ఆ పెద్దాయనను వీధి వీధంతా కత్తెరాయన అనేది. కళ్ళజోడైనా మరిచిపోతాడేమో గాని, చొక్కా జేబులో కత్తెర లేకుండా గడప దాటడు. ఆకు మీద ఆవగింజంత మచ్చ కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఊరుకోదు. తెగులంటే అంత కసి. ఉండదా మరి! పోయినేడు ఆకుమచ్చ తెగులొచ్చి మిరప నారంతా తుడిచిపెట్టుకుపోయింది. కంటికి కనిపించని బాక్టీరియా బంగారంలాంటి మడుల్ని నాశనం చేసి పోయింది. ఈ ఏడూ అదే జరిగితే నర్సరీకి తాళం వేసుకోవలసిందే.

ఆ గండం గట్టెక్కించడానికి కోడలు నడుం కట్టింది. మొక్కల జబ్బుల మీద చదువుకున్న పిల్ల. ఎక్కడో గట్టు మీద మొండిగా పెరిగే అడవి మిరపతో ఇంటి మిరపను సంకరం చేసి, వాటి పిల్లలకు పిల్లల్ని పుట్టించి, వెనక గదిలో కుండీల్లో పెంచింది. అందులో ఒక్కటైనా తెగులుకు లొంగనిది ఉంటుందేమోనని ఆశ. నిన్న సూది లేని సిరంజితో ప్రతి మొక్కకూ ఒక ఆకులోకి బాక్టీరియా కలిపిన నీళ్ళెక్కించింది. పొద్దున బజారుకు వెళ్తూ, "ఆకులు ముట్టుకోకండి మామయ్యా" అని మరీ చెప్పి వెళ్ళింది.

చెప్పింది సరే, వినేదెవరు? ఆమె అటు వెళ్ళగానే ఈయన ఇటు గదిలో దూరాడు. మొక్కలన్నీ పచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాయి. ఒక్క మూల కుండీలో మొక్కకు మాత్రం సిరంజి తగిలిన చోట ఆకు మాడి, ఎండి, గోధుమరంగు బిళ్ళ పడింది. "ఓసి నీ తెగులు పాడుగాను" అంటూ దాన్ని వేళ్ళతో సహా పీకి, పెరట్లో చెత్త కాల్చే పీపాలో పడేశాడు.

అగ్గిపెట్టె తీశాడో లేదో, భార్య అడ్డొచ్చింది.

"దుప్పట్లు ఆరేశాను. అవి ఆరేదాకా పొగ పెట్టారో, మళ్ళీ మీ చేతే ఉతికిస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. ఆయన అగ్గిపెట్టె జేబులో వేసుకుని పీపా పక్కనే కూర్చున్నాడు.

కోడలు తిరిగొచ్చి గదిలోకి వెళ్ళి, ఖాళీ కుండీ చూసి పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. "ముట్టుకోవద్దని చెప్పానుగా మామయ్యా."

"ఆకులు ఎక్కడ ముట్టుకున్నానమ్మా? మొదలు పట్టుకుని పీకాను" అన్నాడాయన, మెచ్చుకుంటుందనే ధీమాతో. "ఒక్కటే చెడింది. మిగతావి భేషుగ్గా ఉన్నాయి."

ఆమె మెట్టు మీద కూలబడింది. ఏడవాలో నవ్వాలో ఆమెకే తెలియలేదు.

"భేషుగ్గా ఉన్నవే చెడ్డవి మామయ్యా. మొక్కలో ఒక్కో కణానికి ఒక్కో కాపలా ఉంటుంది. బాక్టీరియా లోపలికి తన సరుకు దొంగతనంగా పంపుతుంది. ఆ సరుకును గుర్తుపట్టిన కాపలావాడు తనుండే గదికి తనే నిప్పు పెట్టుకుంటాడు. దొంగ అక్కడితో ఆగిపోతాడు, ఇల్లు మిగులుతుంది. మీరు చూసిన మాడు అదే. మిగతావి పచ్చగా ఉన్నాయంటే, దొంగ దూరినా వాటికి ఇంకా తెలియలేదని."

"పైన పటారం, లోన లొటారమన్నమాట" అంది అత్తగారు తలుపు దగ్గర్నుంచి.

కత్తెరాయన ఒక్క ఉదుటున లేచాడు. పీపాలో సగం దూరి మొక్కను పైకి తీశాడు. వేరు తెగింది, కాడ నలిగింది, ఆకులు వేలాడుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అని తనను తానే తిట్టుకుంటూ, ఇంకా ప్రాణమున్న చివరి కొమ్మను ఏటవాలుగా కత్తిరించాడు. తడి ఇసుకలో గుచ్చి, పైన గాజు సీసా బోర్లించాడు. ఇక అక్కడే కాపురం. "నాకు జ్వరమొస్తే ఇన్నిసార్లు చూశారా ఎప్పుడైనా?" అని భార్య దెప్పినా కదల్లేదు.

వారం తిరక్కుండానే 'భేషైన' మొక్కల ఆకుల మీద నీరు పట్టినట్టుండే మచ్చలు లేచాయి. మచ్చలు పాకాయి, ఆకులు రాలాయి. అన్నిటినీ కాల్చేశారు. మిగిలింది సీసా కింది కొమ్మ ఒక్కటే. అది కొన్నాళ్ళు బెట్టు చేసి, చివరకు వేరూని లేతాకులు వేసింది.

ఇల్లంతా సంబరపడుతుంటే కోడలు మాత్రం తల అడ్డంగా ఊపింది. "సిరంజి గట్టిగా నొక్కినా ఆకు కమలిపోతుంది మామయ్యా. ఆ రోజు జరిగింది అదేనేమో. మళ్ళీ వేసి చూడందే ఏమీ చెప్పలేను. ఈసారి మీరే వెయ్యండి."

"నేనా? నా చేత్తో తెగులంటించమంటావా?"

"ఒక పక్క ఉత్త నీళ్ళు, ఒక పక్క బాక్టీరియా. నొక్కుడు వల్లే అయితే రెండు చోట్లా మాడుతుంది."

కత్తెరాయన సిరంజి అందుకున్నాడు. పసిపిల్ల చెయ్యి పట్టుకున్నంత మెల్లగా ఆకు పట్టుకుని రెండు వైపులా ఎక్కించాడు. మర్నాడు అందరికన్నా ముందు లేచి, కాళ్ళు కడుక్కోకుండానే వెనక గదిలోకి వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ ఆకు మీదా మచ్చ ఓర్వని మనిషి, ఆ పూట మాత్రం ఆ ఆకు మాడాలని మొక్కుకుంటూ వెళ్ళాడు.

నీళ్ళెక్కించిన పక్క పచ్చగా ఉంది. రెండో పక్క గోధుమరంగుకు తిరిగి, కాగితంలా ఎండింది. ఆ బిళ్ళ అంచు దాటి ఒక్క చుక్కయినా పాకలేదు.

కోడలు వచ్చేసరికి ఆయన కుండీని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు.

"సగం ఆకు చచ్చిందమ్మా" అన్నాడు, నోరంతా తెరిచి నవ్వుతూ. "ఇక విత్తనం కట్టిద్దాం."