సర్టిఫికెట్ ఇచ్చే అడవి

చువా తెక్ హోక్‌కు పెళ్లయిన పద్నాలుగేళ్లలో వరుసగా ఏడు రోజులు సెలవు దొరకడం అదే మొదటిసారి. సింగపూర్‌లో లిఫ్టులు ఆగిపోకుండా చూసే ఉద్యోగం అతనిది. లిఫ్టులకు ఆదివారాలూ పండగలూ తెలియవు కాబట్టి అతనికీ తెలియకుండానే గడిచిపోయాయి. మార్చిలో బళ్లకు వారం రోజులు సెలవులిస్తారు. సరిగ్గా ఆ వారమే తనకూ దొరికిందని చెప్పడానికి ఆ రోజు దారిలో కాల్చిన బాతు మాంసం కొనుక్కుని మరీ ఇంటికొచ్చాడు.

కొడుకు యాన్ రుయ్ ఆరో తరగతి. ఆ ఊళ్లో ఆరో తరగతి అంటే ఏడాది చివర ఒకే ఒక్క పరీక్ష. పిల్లవాడు ఏ హైస్కూల్లో చేరతాడో దాన్నిబట్టి తేలుతుంది. ఏ హైస్కూలో తేలితే మనిషి ఏపాటివాడో తేలిపోయినట్టేనని అక్కడి తల్లిదండ్రుల నమ్మకం. పొద్దున బడి, మధ్యాహ్నం లెక్కల ట్యూషన్, సాయంత్రం చైనీసు ట్యూషన్. తెక్ హోక్ డ్యూటీ దిగి వచ్చేసరికి వాడు పడుకునుండేవాడు. కొడుకు ముఖాన్ని అతను ఎక్కువగా చూసింది నిద్రలోనే. ఇంకో ఏడాదికి వాడి గొంతు మారుతుంది, ఆపైన తండ్రి పక్కన నడవడానికి సిగ్గుపడతాడు. ఈ వారం పోతే మళ్లీ రాదని అతనికి బాగా తెలుసు. అతనికి కావలసిందల్లా ఆ వారం, ఆ కొడుకు, చుట్టూ కాసిని నీళ్లు.

నీళ్లెక్కడో కూడా చూసిపెట్టుకున్నాడు. సరిహద్దు దాటి మలేషియాలోకి వెళితే కెన్యిర్ సరస్సు. అందులో ఇంటిలాంటి పడవ అద్దెకిస్తారు.

అతని భార్య పేయ్ షాన్ మాత్రం తన ఫోనులో ఆరు చోట్లు వరసగా పేర్చి పెట్టుకునుంది. ఎక్కడ ఎన్నేళ్ల పిల్లల్ని రానిస్తారు, ఎక్కడ జలగలెక్కువ, ఎక్కడినుంచి ఆసుపత్రి దగ్గర, ఎక్కడ మరుగుదొడ్లు శుభ్రం, అన్నీ తల్లుల గ్రూపులో అడిగి తెలుసుకుంది. ఆ గ్రూపుకు తెలియనిది దేవుడికి కూడా తెలియదు.

"పడవ మీదే వంట, పడవ మీదే పడక," అన్నాడు తెక్ హోక్. "గాలం వేసుకుని కూర్చోవచ్చు. పొద్దున్నే ఒడ్డుకి ఏనుగులొస్తాయంట."

"వచ్చి?"

"వచ్చి ఏముంది, నీళ్లు తాగి పోతాయి."

"మనవాడేం చేస్తాడప్పుడు?"

"చూస్తాడు."

"ఏనుగు నీళ్లు తాగుతుంటే చూశాడని ఏ స్కూలు సీటిస్తుంది తెక్ హోక్?"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ పరీక్షకు ముందే కొన్ని పెద్ద బళ్లు, చదువులో కాక మరోదాంట్లో దిట్టలైన పిల్లలకు కొన్ని సీట్లు తీసిపెడతాయి. ఆటలో దిట్టలు, పాటలో దిట్టలు, రెండూ కాకపోతే నాయకత్వంలో దిట్టలు. యాన్ రుయ్‌కి ఆటా రాదు, పాటా రాదు. కనుక వాడు నాయకుడు కావలసి వచ్చింది.

"ఇదిగో, మలేషియాలోనే, పహాంగ్ అడవిలో క్యాంపు. ఏడు రోజులు, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసే," అంటూ పేయ్ షాన్ ఒక కాగితం బల్ల మీద పెట్టింది. "తాళ్ల వంతెన, కొండ ఎక్కడం, నదిలో పడవ. ఆఖరి రోజు సర్టిఫికెట్. 'ఆపదలో నిబ్బరం, బృంద నాయకత్వం' అని ముద్ర వేసిస్తారు. పోయినేడు మన బ్లాకులోనే ఇద్దరికి దీంతోనే సీటొచ్చింది."

తర్వాత కొడుకును పిలిచి ఆ కాగితమూ, భర్త తెచ్చుకున్న పడవ కాగితమూ ముందు పెట్టింది. "నువ్వే చెప్పు. నీ ఇష్టం," అంది, అడవి కాగితం మీద వేలు తియ్యకుండా.

వాడు తండ్రివైపు చూశాడు. నాన్నను వాడు పా అనే పిలుస్తాడు. "పడవ మీదే పడుకోవచ్చా పా?"

"పడుకోవచ్చురా. కాళ్లు నీళ్లలో పెట్టుకుని అన్నం కూడా తినొచ్చు."

వాడు తల్లి వేలిని చూశాడు. "అడవే," అన్నాడు. నీ ఇష్టం అనే మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం అది.

పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, అడవికి వెళుతూ పేయ్ షాన్ లెక్కల ప్రశ్నపత్రాల కట్ట కూడా సర్దింది. తీరా చూస్తే ఆమె ఒక్కతే కాదు, వచ్చిన తల్లులందరి సంచుల్లోనూ కట్టలున్నాయి. మొత్తం తొమ్మిది కుటుంబాలు, పదమూడు మంది పిల్లలు. పదమూడు మందీ నాయకులే. వెనక నడిచేవాడు ఒక్కడైనా ఉంటే ముందు నడిచేవాడికి కాస్త విలువుండేది.

క్యాంపు నడిపే పెద్దాయన ఫదిల్ మంచివాడు. అందరూ ఎన్సిక్ ఫదిల్ అని మర్యాదగా పిలిచేవారు. ఆయన మొదటి రోజు పిట్టల కూతలు వినిపించబోయాడు. తల్లులు సర్టిఫికెట్‌లో పేర్లు తప్పులు లేకుండా పడతాయా అని అడిగారు. ఆయన రెండో రోజు నుంచి పిట్టల జోలికి పోలేదు.

యాన్ రుయ్ తాళ్ల వంతెన మూడుసార్లు దాటాడు. మొదటిసారి ఫోటోలో కళ్లు మూసుకున్నాడు. రెండోసారి వేరే పిల్లవాడి తల అడ్డొచ్చింది. "ఇంకొక్కసారి వెళ్లరా నాన్నా, ఈసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపు, నీ జట్టును పిలుస్తున్నట్టు," అంది తల్లి. వాడు వెళ్లాడు. ఎవరూ లేనివైపు తిరిగి చెయ్యి ఊపాడు. తెక్ హోక్ అది చూడలేక చెప్పులు కడుక్కునే నెపంతో వాగు దగ్గరికి పోయాడు. నాలుగు రోజులు గడిచినా కొడుకుతో నాలుగు మాటలు ఒంటరిగా మాట్లాడే వీలు చిక్కలేదు.

ఐదో రోజు నదిలోకి దిగారు. ఇద్దరిద్దరు కూర్చునే చిన్న తెడ్డు పడవలు. తండ్రీ కొడుకులది ఆఖరిది. పేయ్ షాన్‌కు నీళ్లంటే భయం కాబట్టి ఫదిల్ నడిపే మోటారు పడవలో, ఫోను పట్టుకుని ముందు వెళ్లింది. పైన ఎక్కడో వాన పడిందేమో, చూస్తూండగానే నది టీ రంగుకు తిరిగింది. ప్రవాహం వాళ్ల పడవను ఒక పక్క పాయలోకి తోసుకుపోయి, అడ్డంగా పడున్న చెట్టుకు కొట్టి తిరగేసింది.

లోతు తెక్ హోక్ నడుము దాకానే. కానీ లాగుడు ఎక్కువ. ఒక చేత్తో కొడుకు చొక్కా, ఒక చేత్తో పడవ తాడు పట్టుకుని, ఇసుక మేట మీదికి ఎలా చేరాడో అతనికే తెలియదు. వాన మొదలైంది. పడవను బోర్లించి చెట్టుకు ఆనించి, దాని కింద ఇద్దరూ కూర్చున్నారు. యాన్ రుయ్ తండ్రి మెడ కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నన్ను వదలొద్దు పా."

"ఎక్కడికి వదుల్తానురా, ఉన్నదే ఇంత చోటు."

వాడు ఏడుస్తూనే నవ్వాడు. అలా మొదలై మాటల్లో పడ్డారు. జేబులో నానిపోయిన బిస్కట్లుంటే ముద్దలు చేసుకుని తిన్నారు.

"నాకు అందరి ముందూ మాట్లాడాలంటే కడుపులో తిప్పుతుంది పా. నాయకుడంటే ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండాలంట."

"మాట్లాడకుండా కూడా బతకొచ్చురా. నేను పదిహేడేళ్లుగా లిఫ్టు గుంటల్లో ఎవరితో మాట్లాడాను?"

"లిఫ్టుతో కూడా మాట్లాడవా?"

"తిడతాను. అది మాట్లాడ్డం కాదుగా."

వాడు పడీ పడీ నవ్వి, తండ్రి చంక కింద తల పెట్టుకుని పడుకున్నాడు. ఎంత నవ్వినా పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. తెక్ హోక్‌కు అంత సంతోషం వాడు పుట్టిన రోజు తర్వాత మళ్లీ కలగలేదు. ఫదిల్ ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, అయినా మనసు మార్చుకోలేదు.

ఒక గంటకు మోటారు చప్పుడు వినిపించింది. యాన్ రుయ్ గబగబా ముఖం తుడుచుకున్నాడు.

"నేను ఏడ్చానని చెప్పొద్దు పా. ఎవరికీ."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టురా. మనిద్దరిదే ఈ సంగతి."

నీళ్లంటే భయపడే పేయ్ షాన్ పడవ ఆగకముందే మోకాలి లోతులోకి దూకేసింది. కొడుకును గుండెలకు హత్తుకుని తలా వీపూ తడుముకుంది. ఆమె ప్రేమలో వంక పెట్టడానికేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. "ఏమైంది?" అంది ఏడుస్తూ. వెనక పడవల్లోనుంచి తోటి పిల్లలందరూ యాన్ రుయ్ ఉబ్బిన కళ్లవైపే చూస్తున్నారు.

ఆ చూపులు తన మీదికి తిప్పుకుందామని తెక్ హోక్ అన్నాడు: "నేనే కంగారుపడ్డాను. కాళ్లూ చేతులూ ఆడలేదు. వీడే పడవను ఒడ్డుకి లాగి నాకు ధైర్యం చెప్పాడు."

కొడుకు చిన్న చెయ్యి అతని వేలిని రెండుసార్లు గట్టిగా నొక్కింది. ఆ నొక్కుకు అతను ఇంకో పది అబద్ధాలైనా ఆడేవాడు.

"నిజంగానా?" అంటూ పేయ్ షాన్ కొడుకు ముఖాన్ని చేతుల్లోకి తీసుకుంది. కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫదిల్ వైపు తిరిగి అడిగింది: "ఎన్సిక్, ఈ సంగతి సర్టిఫికెట్‌లో రాయడానికి వీలవుతుందా?"

వీలైంది.

మే నెలలో దరఖాస్తు పంపారు, జూలైలో ఇంటర్వ్యూ అన్నారు. ఈ మధ్యలో రోజూ భోజనాలయ్యాక తెక్ హోక్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బల్లకు అవతల కూర్చుని, ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి వేషం కట్టాలి. "నీ జీవితంలో కష్టమైన క్షణం చెప్పు," అని అడగాలి. కొడుకు ఆ నది కథ చెబుతాడు.

మొదటి రోజు వాడు నేల చూపులు చూస్తూ గొణిగాడు. "మా నాన్నగారు... కొంచెం భయపడ్డారు."

"కొంచెం అంటే ఏం బాగుంటుంది?" అంది పేయ్ షాన్. "చేతులు వణికాయి, బిగుసుకుపోయారు అను. నువ్వు ఆయన కళ్లలోకి చూసి, 'నన్ను నమ్మండి' అన్నావు."

"అంత అవసరమా?" అన్నాడు తెక్ హోక్.

"నువ్వు చెప్పిందేగా."

అది నిజమే. కాదనాలంటే ఒట్టు తీసి గట్టున పెట్టాలి. కక్కలేకా మింగలేకా, "ఊఁ, బాగుంది, మళ్లీ చెప్పు," అన్నాడు. కొడుకు మళ్లీ చెప్పాడు. వారం తిరిగేసరికి గొంతు స్థిరపడింది. నెల తిరిగేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిట్టూర్చాలో వచ్చేసింది. కడుపులో తిప్పడం తగ్గిందట కూడా. అందుకు తండ్రిగా సంతోషించాలో వద్దో తెక్ హోక్‌కు తెలియలేదు.

ఒకరోజు పేయ్ షాన్ అంది: "నాన్న ఏడ్చారని కూడా పెట్టు. వినేవాళ్లకు గుర్తుండిపోతుంది."

యాన్ రుయ్ తల అడ్డంగా ఊపాడు. "అది చెప్పను."

"ఎందుకు?"

"చెప్పను మమ్మీ."

ఎంత బతిమాలినా వాడు వినలేదు. తల్లి మాటకు వాడు ఎదురు చెప్పడం తెక్ హోక్ చూడటం అదే మొదటిసారి. అతనికి ఒళ్లు పులకరించింది. ఏడ్చిందెవరో వాడికి గుర్తుంది, అందుకే ఆ ఒక్క చోట అబద్ధానికి నోరు రావడం లేదనుకున్నాడు. మిగతా కథంతా ఏమైపోయినా సరే, ఆ ఇసుక మేట ఇంకా తమ ఇద్దరిదే. ఆ ఒక్క మాట పట్టుకుని జూలై దాకా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

ఇంటర్వ్యూ రోజు పేయ్ షాన్‌కు ఆఫీసులో వీలుకాక అతనే తీసుకెళ్లాడు. ఇరవై నిమిషాల్లో వాడు బయటికొచ్చాడు. ఎదురుగా ఉన్న హోటల్లో చేప ఉండల నూడుల్స్ తెప్పించాడు తండ్రి.

"బాగా చెప్పావా?"

"చెప్పాను పా. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. సీటు ఇచ్చేట్టే ఉన్నారు."

"కడుపులో తిప్పలేదా?"

"లేదు."

తెక్ హోక్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆ రోజు ఇసుక మీద మనమొక ఒట్టు వేసుకున్నాం. గుర్తుందిగా? నేను ఇప్పటిదాకా తప్పలేదు."

వాడు తినే పుల్లలు గిన్నెలో పెట్టి తండ్రివైపు చూశాడు. ఆ చూపులో వేళాకోళం లేదు, దాపరికం లేదు. ఎంతో దయగా ఉంది.

"నువ్వు ఏడ్చిన సంగతేగా?" అన్నాడు. "నేనూ తప్పలేదు పా. మమ్మీ అంత అడిగినా చెప్పలేదు, ఇవాళ వాళ్లకూ చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను."

తెక్ హోక్ వాడి ముఖమంతా వెతికాడు. అక్కడ ఇంకేమీ దొరకలేదు. ఆ గంట నిజంగా ఎలా గడిచిందో తెలిసినవాళ్లు మొన్నటిదాకా ఇద్దరుండేవారు.

"మంచి పని చేశావురా," అన్నాడు.

వాడు బల్ల మీదుగా చెయ్యి చాచి తండ్రి చేతిని తట్టాడు. "భయం అందరికీ వేస్తుంది పా," అని చెప్పి, మళ్లీ నూడుల్స్ తినసాగాడు.