బాతు దగ్గర ఎడమకు

అల్లాబకాష్ లాండ్రీ బోర్డు దించుకుపోయిన రోజున మా వీధికి గుర్తు పోయింది. దుకాణాన్ని వెనక సందులోకి మార్చాడు. బోర్డు కూడా అక్కడికే వెళ్లింది. గల్ఫ్‌లో మేముండే ఈ రోలా పేటలో మా భవనానికి ఒక పేరుంది గాని, ఆ పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ అది ‘బాతు పక్క బిల్డింగ్’. నీలం బోర్డు మీద లావుపాటి తెల్ల పక్షి.

“అది హంస, సార్!” అని వాదించేవాడు అల్లాబకాష్.

“హంసకి అంత పొట్టేమిటయ్యా?” అనేవారు మావారు రామ్మోహనరావుగారు.

దారి చెప్పడం ఆయనకు సరదా. ఎవరు వస్తామన్నా ఒకే వాయిస్ మెసేజ్ పంపేవారు. దారి తెలిసినవాడికి గుర్తుతో పనిలేదు, తెలియనివాడి కళ్లతో చూసి చెప్పాలి అనేవారు. బడిలో పిల్లలకు నేనూ ఆ మాటే చెబుతాను.

ఆయన పోయి ఏడాదైంది. కాకినాడలో మా మరిది సంవత్సరీకం జరిపించాడు. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఆయన స్నేహితులను భోజనానికి పిలిచాను. ఒక్కపూటైనా ఇల్లు మునుపటిలా నిండాలని నా కోరిక. దారి అడిగినవాళ్లకు ఆయన మెసేజే పంపాను. ఆయన గొంతు వినకుండానే పంపాను. పంపడం తేలిక.

ఒంటిగంట దాటినా ఒక్కరూ రాలేదు. గుత్తివంకాయ కూర మీద మూత తీశాను, మళ్లీ పెట్టాను. ఏడాదికే మరిచిపోయారేమో అనుకుంటుండగా ఫోన్ మోగింది. ఫుజైరా క్వారీలో లారీ నడిపే భోజన్న.

“మేడమ్, అందరం వచ్చినం. మీరేడున్నరు?”

“ఇంట్లోనే. మీరెక్కడున్నారు?”

“మీ ఇంట్లనే! సార్ చెప్పినట్టే బాతు కాడ ఎడమకు మర్లి, రెండో అంతస్తు ఎక్కినం. ఎవరో మలబారీ అమ్మ తలుపు తీసింది. మీ దోస్తనుకున్నం. మంచిగ కూసోబెట్టి చాయ్ పోసింది.”

వెనక నుంచి ఆయన ఆఫీసు స్నేహితురాలు కుసుమకుమారి గొంతు వినిపించింది. “చాయ్ తర్వాత తాగొచ్చు, లేవండి బాబూ! ఇది వేరే వాళ్ల కొంప!”

“నువ్వు చాలాసార్లు వచ్చావు కదా, కుసుమా!”

“బాతు కనబడ్డాక ఇంకేం చూస్తాం వదినా?”

నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

కాసేపటికి “యల్లా, యల్లా, పదండి” అంటూ అల్లాబకాష్ అందరినీ ఊరేగింపులా తీసుకొచ్చాడు. ఆ మలయాళీ ఆవిడ కూడా అరటికాయ చిప్స్ డబ్బాతో వచ్చింది. కుర్చీలు చాలక భోజన్న గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు.

“బోర్డు మళ్లీ ఈడికే తెచ్చేదా అక్కా?” అన్నాడు అల్లాబకాష్, పులిహోర వడ్డించుకుంటూ.

“నీ బాతును ఈ ఎండలో ఎన్నిసార్లు తిప్పుతావు?”

“మీరు కూడానా అక్కా! సార్ అయితే ఆ మెసేజ్ చివర్లో హంసతో పాటు మీ గుత్తివంకాయనూ వదల్లేదు.”

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ చివరి మాట వాళ్లందరికీ తెలుసు.

“ఏమన్నారేమిటి?” అన్నాను.

“మీరే వినండక్కా. మేం చెబితే ఏం బాగుంటాది?”

సాయంత్రానికి గిన్నెలు ఖాళీ అయ్యాయి. కడిగి బోర్లించాను. అడిగి తెచ్చిన కుర్చీలు ఇచ్చేశాను. చిప్స్ డబ్బా కూడా వాపసు పంపాను, లడ్డూలు పెట్టి.

ఆ మెసేజ్ మాత్రం ఇంకా వినలేదు.